కాన్పుకి ఆసుపత్రికి వెళ్ళేముందు: సంచి కన్నా ముందు సర్దుకోవాల్సినవి

ఎనిమిదో నెల దాటగానే ఇంట్లో అందరి ధ్యాసా సంచి మీదే ఉంటుంది. టోపీలు కొన్నారా, నైటీలు పెట్టారా అని వచ్చినవాళ్ళంతా అడుగుతారు. నిజానికి సంచి సర్దడం గంట పని. మర్చిపోయినవి ఆసుపత్రి ఎదురుగా ఉన్న కొట్లోనే దొరుకుతాయి. కొట్లో దొరకనివి వేరే ఉన్నాయి: ఎప్పుడు బయల్దేరాలో తెలిసి ఉండటం, సంతకం ఎవరు పెట్టాలో ముందే అనుకోవడం, రక్తం గ్రూపు కాగితం చేతికందేలా పెట్టుకోవడం, పుట్టిన బిడ్డ వెంట ఎవరు వెళ్ళాలో తేల్చుకోవడం. నొప్పులు మొదలయ్యాక వీటి గురించి నింపాదిగా ఆలోచించే ఓపిక మీకూ ఉండదు, మీవాళ్ళకీ ఉండదు. మా ఇంట్లో ఆడపిల్లల కాన్పులకి వెంట ఉండే పని ఎక్కువగా నాకే పడుతుంది కాబట్టి, నేను వాళ్ళకి చెప్పేవే మీకూ వరసగా చెబుతాను.

ఎక్కడ కాన్పు అన్నది 32 వారాలకల్లా తేలాలి

తొలి కాన్పు పుట్టింట్లో అన్న ఆనవాయితీ మంచిదే. పచ్చి బాలింతగా ఉన్నప్పుడు అమ్మ పక్కనుంటే ఆ ధైర్యమే వేరు. చిక్కల్లా ఊరు మారడంతోనే. ఎనిమిది నెలలు హైదరాబాదులో ఒక డాక్టరమ్మకి చూపించుకుని, నెలలు నిండాక ఏ రాజమండ్రికో ఖమ్మానికో వెళ్తే, అక్కడి డాక్టరుకి మీ గురించి తెలిసేది మీ ఫైల్లో ఉన్నంత వరకే. అందుకని 32, 34 వారాల మధ్యలోనే వెళ్ళిపోండి. కొత్త డాక్టరు కనీసం రెండు మూడు సార్లయినా చూసి, బీపీ, షుగరు, మాయ ఎక్కడుందో, బిడ్డ తల ఎటుందో తెలుసుకునే టైము ఉండాలి. శ్రీమంతం అయితే గానీ పంపం అని అత్తవారంటే, ఆ శ్రీమంతాన్నే కాస్త ముందుకి జరపమనండి.

ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు గది ఎలా ఉంది, ఏసీ ఉందా అన్నది ఆఖర్న చూడాల్సిన విషయం. ముందు ఇవి అడగండి, మొహమాటపడకండి:

- రాత్రి రెండింటికి ఉన్నట్టుండి సిజేరియన్ చెయ్యాల్సి వస్తే మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు?
- రక్తం ఇక్కడే ఉంటుందా, మేమే బయటి బ్లడ్ బ్యాంకుకి పరిగెత్తాలా?
- పసిపిల్లల ఐసీయూ ఇదే బిల్డింగులో ఉందా? లేకపోతే బిడ్డని ఎక్కడికి పంపుతారు?
- లేబర్ రూములో నాతో ఒకర్ని ఉండనిస్తారా?
- ప్యాకేజీలో రానివి ఏమిటి?

ఆఖరి ప్రశ్నకి జవాబు కాగితం మీద రాయించుకోండి. చాలాచోట్ల ప్యాకేజీ తల్లి వరకే ఉంటుంది. పిల్లల డాక్టరు ఫీజు, బిడ్డ టీకాలు, కామెర్లకి లైటు కింద పెడితే దాని ఖర్చు వేరే బిల్లుగా వస్తాయి.

సిజేరియన్ మాట కూడా ఇప్పుడే ఎత్తండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఆపరేషన్ కాన్పులు 21.5 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం తేలాయి. ఇలాంటి చోట ఉంటూ "డాక్టరుగారూ, మీరు ఏ ఏ కారణాలకి ఆపరేషన్ చేస్తారు?" అని అడగడంలో తప్పేమీ లేదు. అడిగితే చిరాకుపడే డాక్టరు కన్నా కూర్చోబెట్టి చెప్పే డాక్టరు నయం. ఇక ముహూర్తాల సంగతి. ఆపరేషన్ ఎలాగూ తప్పదని డాక్టరు తేల్చాక, ఆవిడ ఇచ్చిన తేదీల్లో మంచి రోజు చూసుకుంటే చూసుకోండి. నక్షత్రం కోసం 39 వారాలు నిండకముందే బిడ్డని బయటికి తీయించడం మాత్రం వద్దు. అలా తొందరపడి తీసిన పిల్లల్లో ఊపిరి ఇబ్బందితో ఐసీయూకి వెళ్ళేవాళ్ళు ఎక్కువ.

ప్రభుత్వాసుపత్రి అనగానే ముఖం చిట్లించకండి. ప్రమాదం ఎక్కువగా ఉన్న కాన్పుల్ని చిన్న నర్సింగ్ హోములు చివరి నిమిషంలో పంపేది హైదరాబాదులో పేట్లబురుజుకో, కోఠి ప్రసూతి ఆసుపత్రికో, విశాఖలో అయితే ఘోషా ఆసుపత్రికో, కేజీహెచ్‌కో. ఆ చివరి నిమిషంలో వెళ్ళేకన్నా ముందునుంచీ అక్కడే చూపించుకోవడం మేలు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో మామూలు కాన్పయినా, సిజేరియనైనా, మందులూ పరీక్షలూ రక్తమూ భోజనమూ అన్నీ ఉచితమే. భోజనం మామూలు కాన్పుకి 3 రోజుల వరకు, ఆపరేషన్‌కి 7 రోజుల వరకు పెట్టాలి. బిడ్డకి జబ్బు చేస్తే వైద్యం కూడా ఉచితం. అక్కడ రద్దీ ఎక్కువ, ఒక్కోసారి మంచం పంచుకోవాల్సి వస్తుంది, ఆయాలు "బాబు పుడితే ఇంత, పాప పుడితే ఇంత" అని చెయ్యి చాస్తారు. అది ఇవ్వాల్సిన డబ్బు కాదని తెలిసి ఉండండి. ఇవ్వాలా, ఫిర్యాదు చెయ్యాలా అన్నది మీ ఇష్టం.

కాగితాలు, డబ్బు, మనుషులు

ఒక ప్లాస్టిక్ ఫైలు కొని అందులో అన్నీ పెట్టండి. తల్లీ బిడ్డ రక్షణ కార్డు, ఇద్దరి ఆధార్లు, మీ బ్యాంకు పాసుబుక్కు, స్కానింగులన్నీ తేదీల వరసలో, రక్తం గ్రూపు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి రిపోర్టులు, ఇన్సూరెన్స్ ఉంటే ఆ కార్డు. ఈ కాగితాలన్నిటినీ ఫోనులో ఫొటోలు తీసి భర్తకి, అమ్మకి పంపండి. ఫైలు ఇంట్లో మర్చిపోయి ఆసుపత్రికి వచ్చినవాళ్ళు బోలెడుమంది.

వీటిలో రెండు రిపోర్టుల్ని ప్రత్యేకంగా చూసుకోండి. మీ రక్తం గ్రూపు నెగెటివ్ అయితే, బిడ్డది పాజిటివ్ అని తేలితే, కాన్పయిన 72 గంటల్లోపు మీకు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. ఇది వచ్చే కాన్పుని కాపాడే మందు. హడావుడిలో ఎవరూ గుర్తు చెయ్యకపోతే మీరే అడగండి. హెపటైటిస్ బి పాజిటివ్ అయితే, బిడ్డకి పుట్టిన 12 గంటల్లోపు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షన్ ఇవ్వాలి. అది అన్ని మెడికల్ షాపుల్లోనూ ఉండదు, ముందే తెప్పించి పెట్టమనండి.

ఇన్సూరెన్స్ పాలసీలో ప్రసూతి ఖర్చుకి పరిమితి ఎంత, బిడ్డకి మొదటి రోజు నుంచే వర్తిస్తుందా, గది అద్దె పరిమితి ఎంత అని ఆఫీసు హెచ్ఆర్‌నో ఏజెంటునో అడిగి తెలుసుకోండి. తొలి కాన్పయితే ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద 5,000 రూపాయలు వస్తాయి. దానికి మీ ఊరి అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో కలిసి పేరు రాయించుకోండి.

ఈ నెలల్లోనే మీకొక అమ్మకం ఫోను కూడా రావచ్చు. బొడ్డుతాడు రక్తాన్ని దాచిపెడితే రేపు బిడ్డకి ఏ జబ్బొచ్చినా అక్కరకొస్తుందని, వాయిదాల్లో కట్టమని చెబుతారు. భారత వైద్య పరిశోధన మండలి ఈ ప్రైవేటు నిల్వని సిఫార్సు చెయ్యడం లేదు. ఆ డబ్బు బిడ్డ పేరున పోస్టాఫీసులో వేసుకోండి.

మనుషుల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఆసుపత్రిలో మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి. అత్తగారొకటి, బాబాయి ఒకటి, ఫోనులో పెద్దాడపడుచు ఇంకొకటి చెబుతుంటే డాక్టరు ఎవరికీ ఏమీ చెప్పరు. ఆ ఒక్కరు ఎవరో మీరే తేల్చండి. భర్త అయినా సరే, అక్క అయినా సరే, టెన్షన్ పడకుండా ప్రశ్న అడగగలిగిన మనిషి కావాలి. రెండో వ్యక్తి రాత్రి కాపలాకి. ఇంకొకరు ఇంటి నుంచి భోజనం తేవడానికి. రెండో కాన్పయి, పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించుకోవాలా, లూప్ వేయించుకోవాలా, ప్రస్తుతానికి ఏదీ వద్దా అన్నది భార్యాభర్తలు ఇంట్లోనే మాట్లాడుకోండి. లేబర్ టేబుల్ మీద ఉన్న మనిషి చేతికి పెన్ను ఇచ్చి అడిగే ప్రశ్న కాదది.

సంచి

35 వారాలకి సంచి తలుపు పక్కన ఉండాలి. మీకు ముందు బటన్లు ఉన్న నైటీలు నాలుగు, పాత మెత్తటి కాటన్ చీర ఒకటి, పెద్ద సైజు ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, నడుము దగ్గర బిగించని లోదుస్తులు ముదురు రంగువి, చెప్పులు, తువ్వాలు, బ్రష్షు, కొబ్బరినూనె, దువ్వెన, ఒక దుప్పటి. బకెట్టూ మగ్గూ ప్రభుత్వాసుపత్రిలో తప్పనిసరి, ప్రైవేటులో అడగండి. ఫ్లాస్కు, ప్లేటు, గ్లాసు, స్పూను. పొడుగు వైరున్న చార్జరు, ఎందుకంటే ప్లగ్గు ఎప్పుడూ మంచానికి అటువైపు గోడకే ఉంటుంది. పది, ఇరవై రూపాయల చిల్లర.

బిడ్డకి: ఉతికి ఎండలో ఆరేసిన మెత్తటి గుడ్డలు పది పన్నెండు, ముందు ముడేసే జుబ్బాలు ఐదారు, టోపీలు, సాక్సులు రెండు జతలు, చుట్టడానికి రెండు మందమైన తువ్వాళ్ళు, దూది. పుట్టకముందు బిడ్డకి కొత్తవి కొనకూడదని మీ ఇంట్లో పట్టింపు ఉంటే గొడవపడనక్కర్లేదు. అమ్మ పాత చీరలు, నాన్న పాత పంచెలు చింపి ఉతికి పెట్టుకుంటే కొత్తవాటికన్నా మెత్తగా ఉంటాయి. కొత్త బట్టలే అయితే ఉతక్కుండా వెయ్యకండి. పౌడరు, కాటుక, పాలసీసా, పాలపొడి డబ్బా సంచిలో పెట్టకండి.

నగలు ఇంట్లోనే పెట్టి వెళ్ళండి. గోళ్ళ రంగు తీసేసుకోండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు దాంతో సరిగ్గా చూపించకపోవచ్చు. మంగళసూత్రం విషయం ముందే మాట్లాడుకోండి. ఆపరేషన్ థియేటర్లో ఒంటి మీద లోహం ఉండకూడదని పుస్తెలు, మెట్టెలు తీయమంటారు. తలుపు దగ్గర ఆ మాట వినగానే పెద్దవాళ్ళు కంగారుపడి ఏడుపు మొదలెడతారు. ఒక పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి సంచి పక్క జేబులో పెట్టుకుంటే, గొలుసు తీసి అది వేసుకుని లోపలికి వెళ్ళొచ్చు. శ్రీమంతం గాజులు కూడా అంతే. సెలైను సూది పెట్టే చేతికి నిండా గాజులుంటే సిస్టరుకి నరం దొరకదు. ఇంటిదగ్గరే నిదానంగా తీసేసి రెండేసి ఉంచుకోండి.

నొప్పులు: దొంగవా, నిజమైనవా

డాక్టరు ఇచ్చిన తేదీకే కాన్పయ్యేది చాలా కొద్దిమందికి. 37 వారాలు నిండాక ఏ రోజైనా రావచ్చు.

దొంగ నొప్పులకి వరస ఉండదు. ఒకటి పది నిమిషాలకి, ఇంకొకటి అరగంటకి వస్తుంది. లేచి నాలుగడుగులు వేసినా, నీళ్ళు తాగి పక్కకి ఒరిగి పడుకున్నా తగ్గిపోతుంది. నిజమైన నొప్పులు నడిచినా పడుకున్నా ఆగవు. నడుములో మొదలై ముందుకి వచ్చి, పోనుపోను దగ్గరవుతాయి, ఎక్కువసేపుంటాయి. పొట్ట మీద అరచెయ్యి పెట్టి చూడండి. నొప్పి వచ్చినప్పుడు నుదురు తాకితే ఎంత గట్టిగా ఉంటుందో అంత గట్టిపడి, నొప్పి పోగానే వదులవుతుంది. ఫోనులో టైము చూసి రాసుకోండి. ఒక నొప్పి మొదలైన దగ్గర్నుంచి తర్వాతది మొదలయ్యేదాకా లెక్క. తొలి కాన్పుకి ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషం దాకా ఉంటూ, గంటసేపు అలా వస్తే బయల్దేరండి. రెండో కాన్పయినా, ఆసుపత్రి గంట ప్రయాణమైనా, ఇంతకుముందు సిజేరియన్ అయి ఉన్నా అంతసేపు ఆగకండి. నొప్పులు వరసగా వస్తున్నాయని తేలగానే వెళ్ళండి.

మరీ ముందుగా వెళ్తే నష్టమేమిటంటే, గర్భాశయ ముఖద్వారం రెండు సెంటీమీటర్లే తెరుచుకున్నప్పుడు చేరితే మీకూ తోచదు, చుట్టూ ఉన్నవాళ్ళకీ తోచదు, "ఇంకా ఎంతసేపు, ఏదో ఒకటి చెయ్యండి" అన్న ఒత్తిడి మొదలవుతుంది. ఈ మొదటి దశ తొలి కాన్పులో ఒక రోజంతా సాగినా అసహజం కాదు. అన్నీ బాగుంటే ఇంట్లోనే నడవండి, గోరువెచ్చని నీళ్ళతో స్నానం చెయ్యండి, ఇడ్లీ, పెరుగన్నం లాంటి తేలికైనవి తినండి, కునుకు తీయండి.

కొన్నిటికి మాత్రం నొప్పులతో పని లేదు, వెంటనే వెళ్ళాలి. ఎర్రటి రక్తం పోవడం. జిగటగా, కొద్దిగా రక్తపు చారలతో తెల్లటి పదార్థం పోతే అది కాన్పు దగ్గరపడుతోందన్న గుర్తు మాత్రమే, దానికి కంగారు వద్దు. ఉమ్మనీరు పోవడం: ప్యాడ్ పెట్టుకుని టైము, రంగు చూడండి. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపల మలవిసర్జన చేసిందని, ఒక్క నిమిషం ఆగకూడదు. నీరు పోయాక కింద తాడులాంటిది జారినట్టు తగిలితే మోకాళ్ళు, మోచేతుల మీద వంగి, నడుము పైకెత్తి ఉంచి, అలాగే 108 కోసం ఆగండి. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే అవి బీపీ పెరిగిన గుర్తులు. మూర్ఛ వస్తే చెప్పేదేముంది. ఇంకొకటి, బిడ్డ కదలికలు తగ్గడం. నెలలు నిండాక చోటు లేక కదలదులే అని పెద్దవాళ్ళు అంటారు, అది నిజం కాదు. కదలిక తగ్గిందనిపిస్తే అర్ధరాత్రయినా వెళ్ళండి.

ఇలాంటప్పుడు తలస్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, వర్జ్యం వెళ్ళాక బయల్దేరదాం అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. దీపం వాళ్ళని పెట్టమని మీరు బండెక్కండి. 108కి ఫోను చేస్తే ఉచితంగా తీసుకెళ్తారు. ఆటో అయినా కారైనా, ఎడమ పక్కకి ఒరిగి కూర్చోండి. టూవీలరు వద్దు.

లేబర్ రూములో

లోపల మీ వెంట ఒకరు ఉండటం దయాదాక్షిణ్యం కాదు. ప్రసవ గదుల్ని మెరుగుపరచడానికి కేంద్రం 2017లో మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమంలో తోడు మనిషి ఉండనివ్వడం ఒక భాగం. తోడుగా వచ్చినవాళ్ళ పని ధైర్యవచనాలు చెప్పడం కన్నా నడుము కింది భాగాన్ని అరచేత్తో గట్టిగా నొక్కిపట్టడం, నీళ్ళు అందించడం, సిస్టర్ చెప్పింది మీకు మళ్ళీ చెప్పడం.

వెల్లకిలా పడుకోనక్కర్లేదు. డాక్టరు వద్దనకపోతే నడవండి, మంచం పట్టుకుని ముందుకి వంగి నిలబడండి, పడుకుంటే ఎడమ పక్కకి తిరగండి. నొప్పి వచ్చినప్పుడు ఊపిరి బిగపట్టకుండా నోటితో నెమ్మదిగా వదలండి. అరవాలనిపిస్తే అరవండి. అరిచినందుకు కసిరే సిస్టర్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ మాట మనసులో పెట్టుకోకండి. వెన్నులో ఇచ్చే నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్ కావాలనుకుంటే ఆ ఆసుపత్రిలో ఉందా, ఎంత ఖర్చు అని ముందు నెలలోనే అడిగి ఉండాలి. పైనుంచి పొట్ట మీద బలంగా నొక్కి బిడ్డని తోసే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటోంది. ఎవరైనా అలా చేస్తుంటే తోడున్నవాళ్ళు నోరు తెరిచి అడగాలి.

ముందుగా అనుకున్న సిజేరియన్ అయితే ఎప్పటి నుంచి తినకూడదో డాక్టరు చెబుతారు. సాధారణంగా భోజనం కనీసం ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు ఆపాలి. మత్తు డాక్టరుకి మీకున్న అలర్జీలు, ఉబ్బసం, వాడే మాత్రలు దాచకుండా చెప్పండి. ఇంట్లో రేజరుతో గీసుకోకండి, గాట్లు పడితే ఇన్ఫెక్షన్. ఆపరేషన్ అయిన మర్నాటికల్లా లేపి నడిపిస్తారు. ఒక్కసారిగా లేవకుండా, మోకాళ్ళు మడిచి, పక్కకి దొర్లి, చేత్తో మంచాన్ని ఆనుకుని లేవండి. దగ్గొచ్చినా నవ్వొచ్చినా కుట్ల మీద దిండు అదిమిపెట్టుకోండి.

పుట్టిన మొదటి గంట

ఇక్కడ ఒకటే నియమం: ఒకరు తల్లి దగ్గర, ఒకరు బిడ్డ వెంట. బరువు చూడటానికో, పిల్లల డాక్టరు దగ్గరికో బిడ్డని ఎత్తుకెళ్తే ఆ రెండో మనిషి కూడా వెళ్ళాలి. బిడ్డ చేతికో కాలికో కట్టిన ట్యాగు మీద తల్లి పేరు, ఆడా మగా, పుట్టిన టైము, బరువు సరిగ్గా ఉన్నాయో చదవండి. యూనిఫాం వేసుకున్నారు కదా అని ముఖం తెలియనివాళ్ళ చేతికి బిడ్డని ఇవ్వకండి.

బిడ్డ బాగా ఏడ్చి, అన్నీ సవ్యంగా ఉంటే, బొడ్డుతాడు ఒక నిమిషం ఆగి కోయమని, తుడిచి నేరుగా మీ గుండెల మీద పడుకోబెట్టమని ముందే చెప్పి ఉంచండి. ఒంటికి ఒళ్ళు తగిలితే బిడ్డకి వెచ్చగా ఉంటుంది, తనే పాల కోసం వెతుక్కుంటుంది. మొదటి గంటలోనే పట్టించాలి. వచ్చేవి పసుపు రంగులో, చిక్కగా, కొన్ని చుక్కలే అయినా ఆ ముర్రుపాలు బిడ్డకి మొదటి రక్షణ. వాటిని పిండి పారబోసి తేనె నాకించడం, పంచదార నీళ్ళు, ఆముదం పొయ్యడం ఇంకా జరుగుతూనే ఉంది. ఏడాది లోపు పిల్లలకి తేనె ప్రమాదం కూడా. సిజేరియన్ అయినా పక్కకి తిప్పి పడుకోబెట్టి పట్టించొచ్చు, మీకు లేవడం చేతకాకపోతే పక్కనున్నవాళ్ళు బిడ్డని పట్టుకుంటారు.

విటమిన్ కె ఇంజెక్షన్, హెపటైటిస్ బి టీకా మొదటి 24 గంటల్లో, బీసీజీ, పోలియో చుక్కలు ఇంటికి వెళ్ళేలోపు పడాలి. కార్డులో తేదీ వేయించుకోండి. స్నానం ఒక రోజు ఆగి పోయించండి. బొడ్డుకి పసుపు, బూడిద, పౌడరు ఏదీ పెట్టకుండా పొడిగా ఉంచితే దానంతటదే రాలిపోతుంది.

వార్డులో, ముఖ్యంగా రెండో రాత్రి

మొదటి రోజు బిడ్డ ఎక్కువగా నిద్రపోతుంది. అందరూ "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోతారు. రెండో రాత్రి అసలు కథ మొదలవుతుంది. పది నిమిషాలు తాగి, ఐదు నిమిషాలు పడుకుని, మళ్ళీ ఏడుపు. తెల్లవారేదాకా ఇదే. మూడో మంచం దగ్గర పెద్దావిడ "పాలు చాలడం లేదమ్మా, డబ్బా పాలు పట్టండి" అంటుంది. తెల్లవారుజామున మీ అమ్మ కూడా అదే అంటుంది. కంగారుపడకండి. బిడ్డ అలా పదే పదే చీకడం వల్లే పాలు పడతాయి. చిక్కటి పాలు రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు దిగుతాయి, ఆపరేషన్ అయితే కాస్త ఆలస్యం.

పాలు చాలుతున్నాయా అన్నది ఏడుపుని బట్టి తెలియదు. తడిసిన గుడ్డల్ని లెక్కపెట్టండి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరుగుతూ ఐదారు రోజులకి రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోస్తే చాలుతున్నట్టే. నల్లగా, జిగటగా ఉండే మొదటి విరేచనం సాధారణంగా 24 గంటల్లోపు అవుతుంది. నాలుగైదు రోజులకి పసుపు రంగులోకి మారుతుంది. మొదటి రోజుల్లో బరువు కొంత తగ్గడం మామూలే, పదిశాతం దాటితే డాక్టరుకి చెప్పాలి. నెలలు నిండని బిడ్డకో, రక్తంలో షుగరు తగ్గిన బిడ్డకో డాక్టరు డబ్బా పాలు రాస్తే అది వేరే సంగతి. పక్క మంచం సలహాతో మొదలుపెట్టకండి.

చనుమొన ఒక్కటే నోట్లో పెడితే పగుళ్ళు వచ్చి ప్రాణం పోతుంది. బిడ్డ నోరు బాగా తెరిచాక, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు లోపలికి వెళ్ళేలా, గడ్డం రొమ్ముకి ఆనేలా దగ్గరకి తీసుకోండి. నొప్పి పుడితే చిటికెన వేలు నోటి మూల పెట్టి విడిపించి మళ్ళీ పట్టించండి. సిస్టర్ని పిలిచి పక్కన నిలబెట్టుకుని రెండుసార్లు చూపించమనండి. ఇంటికెళ్ళాక ఆ సాయం దొరకదు.

మూడో రోజుకి చాలామంది పిల్లలు కాస్త పచ్చబడతారు. మొదటి 24 గంటల్లోనే పచ్చదనం కనిపించినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా వెంటనే చూపించాలి. లైటు కింద పెట్టాలంటే పెట్టనివ్వండి, కళ్ళకి గంతలు కట్టి పడుకోబెట్టిన బిడ్డని చూసి ఏడవకండి. పొద్దుటి ఎండలో పెట్టడం దానికి వైద్యం కాదు.

మీ తిండి దగ్గర పథ్యం పేరుతో యుద్ధం జరుగుతుంది. శొంఠి, వాము, వెల్లుల్లి కారం, కాయం ఇష్టమైతే తినండి. మంచినీళ్ళు తాగనివ్వకపోవడాన్ని మాత్రం ఒప్పుకోకండి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, నీళ్ళు తాగితే కుట్లు చీము పడతాయన్నదీ, బిడ్డకి జలుబు చేస్తుందన్నదీ నిజం కాదు. మొదటిసారి బాత్‌రూముకి ఒంటరిగా వెళ్ళకండి, కళ్ళు తిరిగి పడిపోయేది అప్పుడే. గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుంటే సిస్టర్ని పిలవండి, అందరికీ ఇంతేలే అనుకోవద్దు.

చూడటానికి వచ్చేవాళ్ళని ఆపడం మీ పని కాదు, మీ ఆయన పని. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగాలి, ఎత్తుకునేవాళ్ళు చేతులు కడుక్కోవాలి, బిడ్డ ముఖం మీద ముద్దులు వద్దు. దిష్టిచుక్క పెట్టాలనుకుంటే అరికాలికి పెట్టండి, కంటికి కాటుక వద్దు.

ఇంటికి బయల్దేరేముందు

మామూలు కాన్పుకి ఒకటి రెండు రోజులు, ఆపరేషన్‌కి మూడు నుంచి ఐదు రోజులు ఉంచుతారు. డిశ్చార్జి రోజు బిల్లు కట్టడంలోనే సగం రోజు పోతుంది, ఆ హడావుడిలో డాక్టరుని అడగాల్సినవి మర్చిపోతారు. ముందు రాత్రే రాసుకోండి: మందులు ఎన్ని రోజులు, కుట్లు తీయాలా, బిడ్డని మళ్ళీ ఎప్పుడు చూపించాలి, బిడ్డకి థైరాయిడ్ పరీక్ష కోసం రక్తం తీశారా, వినికిడి పరీక్ష అయిందా. తర్వాతి టీకాలు ఆరు వారాలకి.

జనన ధ్రువీకరణ కోసం ఆసుపత్రివాళ్ళు ఇచ్చే ఫారంలో తల్లిదండ్రుల పేర్లు ఆధార్లో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయండి. తర్వాత ఒక్క అక్షరం దిద్దించడానికి మీసేవ చుట్టూ తిరగాలి. 21 రోజుల్లోపు నమోదు ఉచితం. బిడ్డకి ఇంకా పేరు పెట్టలేదని ఆపనక్కర్లేదు, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకి బడిలో చేరడం దగ్గర్నుంచి చాలావాటికి పుట్టిన తేదీ రుజువు ఈ ఒక్క కాగితమే, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి 102 బండి ఉచితంగా దింపుతుంది. ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బిడ్డని చూడాలి. రాకపోతే మీరే ఫోను చేసి పిలవండి. పురుడు కడిగేదాకా గడప దాటకూడదన్న పట్టింపు ఎంత ఉన్నా, ఇవి కనిపిస్తే మైల లెక్క చూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. బిడ్డ పాలు తాగకపోవడం, లేపినా లేవకపోవడం, నిమిషానికి 60 కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీయడం, డొక్కలు ఎగరెయ్యడం, జ్వరం లేదా ఒళ్ళు చల్లబడటం, మూర్ఛ, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము రావడం. మీకైతే జ్వరం, ప్యాడ్ మీద దుర్వాసన, కుట్ల దగ్గర చీము, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, తీవ్రమైన తలనొప్పి. బీపీ కాన్పు తర్వాత కూడా పెరగగలదు.

మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, బిడ్డని చూడాలనిపించకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అమ్మకో భర్తకో వెంటనే చెప్పండి, డాక్టరుకి చూపించుకోండి. ఇంట్లో చెప్పలేకపోతే 14416కి ఫోను చెయ్యండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నంబరు ఇప్పుడే ఫోనులో వేసుకోండి, మీ ఆయన ఫోనులో కూడా.